మామయ్య రివాల్వర్ బీరువాలో ఉంది, ఏం చేయమంటారు?

సైనిక్‌పురి దగ్గర ఒక కాలనీ నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. ఏడు పేజీల ఉత్తరంలో ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెప్తున్నాను.

ఆవిడ వయసు 44. భర్త మస్కట్‌లో ఉద్యోగం చేస్తారు, ఏడాదికి ఒక నెల ఇంటికి వస్తారు. పైన రెండు గదులున్న సొంత ఇంట్లో ఆవిడ, అత్తమ్మ, 17 ఏళ్ళ కొడుకు ఉంటారు. మామయ్య సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరయ్యారు. ఆయన పేరు మీద లైసెన్స్ ఉన్న పాయింట్ 32 రివాల్వర్ చాలా ఏళ్ళుగా ఆ ఇంట్లో ఉంది. అయిదు నెలల కింద ఆయన గుండెపోటుతో పోయారు. రివాల్వరూ, తూటాల డబ్బా ఆయన గదిలో బీరువాలోనే ఉండిపోయాయి. "కర్మకాండల హడావుడిలో ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తొచ్చాక ఎవరిని అడగాలో తెలియలేదు" అని రాశారు.

సంక్రాంతి సెలవుల్లో వీధిలో మూడో ఇంటివాళ్ళు ఊరికి వెళ్తే దొంగలు తాళం పగలగొట్టి బంగారం ఎత్తుకెళ్ళారు. అప్పటి నుంచి ఆవిడకి నిద్ర లేదు. రాత్రి గేటు గొళ్ళెం చప్పుడైనా లేచి కూర్చుంటున్నారు. డాలస్‌లో ఉండే మరిది ఫోన్ చేసి, "వదినా, అది ఉంచుకో, కాల్చడం నేర్చుకో. ఇంట్లోకి వచ్చినవాణ్ణి కాల్చే హక్కు ఎవరికైనా ఉంటుంది. ఇక్కడ మా వీధిలో ఎంతమంది దగ్గరుందో తెలుసా" అన్నాడట. సొంత తమ్ముడేమో "వెంటనే పోలీసులకి ఇచ్చెయ్, లేకపోతే జైలుకి పోతావ్" అని భయపెట్టాడట. అత్తమ్మ మాత్రం "అది ఆయన గుర్తు, గడప దాటనివ్వను" అంటున్నారు.

ఆరో పేజీలో కొడుకు గురించి నాలుగు వాక్యాలున్నాయి. లాంగ్ టర్మ్ కోచింగ్‌లో ఉన్నాడు. జనవరిలో రాసిన జేఈఈ మెయిన్‌లో పర్సంటైల్ అనుకున్నంత రాలేదు. అన్నం పై గదిలోకే తీసుకెళ్తున్నాడు, తెల్లవార్లూ లైటు వెలుగుతూనే ఉంటుంది, తాతయ్య కొనిచ్చిన క్రికెట్ బ్యాటు పక్కింటి పిల్లాడికి ఇచ్చేశాడు. "తాతయ్య రివాల్వర్ ఇంకా ఉందా అమ్మా అని రెండుసార్లు అడిగాడు, మగపిల్లలకి తుపాకులంటే సరదా కదా అని ఊరుకున్నాను."

చివరన మూడు ప్రశ్నలు: లైసెన్స్ నా పేరు మీదికి మార్చుకోవచ్చా? దొంగ ఇంట్లోకి వస్తే కాల్చవచ్చా? అత్తమ్మకి ఏం చెప్పాలి?

అమ్మా,

మూడింటికీ జవాబు చెప్తాను. కానీ ముందు ఆరో పేజీ సంగతి. ఆ నాలుగు వాక్యాలు చదివాక ఉత్తరం మళ్ళీ మొదటి నుంచీ చదివాను. మీ భయం అంతా గేటు బయట నుంచి వచ్చేవాడి గురించి. నా భయం మీ పై గదిలో ఉన్న పిల్లాడి గురించి.

బాబు మనసులో ఏముందో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. తాతయ్య మీద బెంగతో అడిగి ఉండొచ్చు. నిజంగానే సరదాకి అడిగి ఉండొచ్చు. కానీ నిద్ర పోయింది, తిండి ఒంటరిదైంది, పరీక్ష దెబ్బ తగిలింది, తాత పోయాడు, తాత ఇచ్చిన బ్యాటు ఇంకొకరికి ఇచ్చేశాడు. వీటి పక్కన రివాల్వర్ ఉందా అన్న ప్రశ్న, అదీ రెండుసార్లు. ఇవన్నీ ఒక్కచోట కనిపిస్తే సరదా అని సర్దుకోకూడదు. అతని మనసులో ఏముందో తేలేదాకా ఆగాల్సిన అవసరం కూడా లేదు. అది సరదాయే అయితే రివాల్వర్ దూరం చేసినందువల్ల మీకు పోయేదేమీ ఉండదు.

బీరువా తాళంచెవి దేవుడి గదిలో కుంకుమ భరిణె కింద ఉంటుందని, అది మీకూ అత్తమ్మకూ తప్ప ఎవరికీ తెలియదని రాశారు. పుట్టినప్పటి నుంచి ఆ ఇంట్లోనే పెరిగిన పిల్లాడికి తెలియని చోటు ఆ ఇంట్లో ఉండదమ్మా. ఇది చదువుతుండగానే లేచి వెళ్ళి ఆ తాళంచెవి తీసి కొంగున ముడేసుకోండి. బీరువా కొన్నప్పుడు రెండు చెవులు ఇచ్చి ఉంటారు, రెండోది ఎక్కడుందో అత్తమ్మని అడిగి అదీ తీసుకోండి. స్నానానికి వెళ్ళినా, నిద్రపోయినా అవి మీ దగ్గరే ఉండాలి. బీరువా తెరిచి రివాల్వర్ లోపల తూటాలున్నాయా లేవా అని మాత్రం చూడకండి. అలవాటు లేని చేతికి ఖాళీ రివాల్వరుకీ, నిండినదానికీ తేడా తెలియదు.

తర్వాత బాబుతో మాట్లాడండి. పరీక్ష ఊసు ఎత్తకుండా, అతని గదిలోనే, మంచం మీద పక్కన కూర్చుని. "నాన్నా, నువ్వు సరిగ్గా పడుకోవట్లేదు, బ్యాటు కూడా ఇచ్చేశావు. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా?" అని ఆ మాటతోనే అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమో అని చాలామంది తల్లిదండ్రులు నోరు కట్టేసుకుంటారు. అలా పుట్టదు. ఆ ఆలోచన ఉన్న పిల్లలకి, ఎవరో ఒకరు పేరు పెట్టి అడిగారన్నదే పెద్ద ఊరట. అవునంటే ఏడవండి, పరవాలేదు, కానీ తిట్టకండి, ఒట్లు వేయించుకోకండి. ఆ రాత్రి ఒంటరిగా పడుకోనివ్వకండి. 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మర్నాడు మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళండి. ఎర్రగడ్డ ఆసుపత్రి పేరు చెప్పి మన ఊళ్ళో వెక్కిరించుకోవడం అలవాటైపోయింది గానీ, అక్కడ పిల్లలతో మాట్లాడగలిగే డాక్టర్లున్నారు. లేదంటే మీకు అందుబాటులో ఉన్న ప్రైవేటు డాక్టరైనా సరే. బాబు అలాంటిదేం లేదన్నా కూడా వారం పది రోజుల్లో మళ్ళీ అడగండి.

ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే, ప్రాణం తీసుకోవాలన్న ఉధృతి చాలామందిలో ఎక్కువసేపు నిలవదు. ఆ కాసేపట్లో చేతికి ఏది అందుతుందన్నదే అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. ఆ గండం దాటి బతికినవాళ్ళలో ఎక్కువమంది ఆ తర్వాత ఆ దారిన పోరు. తుపాకీ మాత్రం రెండో అవకాశం ఇవ్వదు. మీ మరిది ఉండే అమెరికాలో ఏటా తుపాకులతో పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. దొంగ కోసమని కొన్న తుపాకీ ఇంటివాళ్ళకే ఎదురుతిరిగిన లెక్క అందులో ఎంతో ఉంటుంది. ఈ సంగతి మరిదికి కూడా చెప్పండి, అతనింట్లోనూ పిల్లలుంటారు.

ఇక చట్టం. నేను ఇరవై ఆరేళ్ళు నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేశాను కాబట్టి నాకు తెలిసినంతవరకూ సూటిగా చెప్తాను.

ఆయుధ లైసెన్స్ అంటే ఆస్తి కాదు, ఆ మనిషికి ఇచ్చిన అనుమతి. మనిషి పోగానే అనుమతీ పోతుంది. ఇల్లు వారసులకి వచ్చినట్టు రివాల్వర్ దానంతట అది రాదు. 1959 నాటి ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం, ఏ కారణం చేతనైనా ఆయుధం ఉంచుకునే అర్హత పోతే అనవసరమైన ఆలస్యం లేకుండా దగ్గరి పోలీస్ స్టేషన్లో గానీ, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. అంటే ఈ క్షణాన మీ బీరువాలో ఉన్నది లైసెన్స్ లేని ఆయుధం. 2019 సవరణ తర్వాత లైసెన్స్ లేకుండా తుపాకీ ఉంచుకుంటే రెండేళ్ళ నుంచి అయిదేళ్ళ దాకా జైలు, పైన జరిమానా. మీ తమ్ముడి మాటలో నిజం ఉంది. కానీ అతను భయపెట్టిన తీరు తప్పు. భయపడ్డవాళ్ళు దాచిపెడతారు, లేదా రాత్రికి రాత్రి ఏ చెరువులోనో పడేస్తారు. ఆ రెండూ ఇప్పుడున్న పొరపాటుని ఇంకా పెద్ద నేరంగా మార్చే పనులు. ఇంటి పెద్ద పోయిన దుఃఖంలో ఆలస్యమై, తెలిసిన వెంటనే మీ అంతట మీరే వచ్చి అప్పగించినవాళ్ళకీ, దాచుకుని పట్టుబడ్డవాళ్ళకీ చాలా తేడా ఉంటుంది.

ఎలా అప్పగించాలన్నది కూడా ముఖ్యమే. రివాల్వర్ హ్యాండ్‌బ్యాగులో వేసుకుని ఆటో ఎక్కి స్టేషన్‌కి వెళ్ళకండి, లైసెన్స్ లేని ఆయుధంతో రోడ్డెక్కినట్టవుతుంది. ముందు ఖాళీ చేతులతో వెళ్ళండి. మామయ్య మరణ ధ్రువపత్రం, ఆయన లైసెన్స్ పుస్తకం, మీ ఆధార్, ఒక అర్జీ. అర్జీలో ఆయన పోయిన తేదీ, ఆయుధం నంబరు, తూటాలు ఎన్ని ఉండాలో లైసెన్స్ పుస్తకం చూసి రాయండి. డిపాజిట్ చేయాలనుకుంటున్నామని, ఇంటికి వచ్చి తీసుకోవాలని కోరండి. వీలైతే ఒక వకీలుని వెంటబెట్టుకెళ్ళండి, పెద్ద ఖర్చేం కాదు, మీ మాట నిలకడగా ఉంటుంది. వాళ్ళు వచ్చినప్పుడు బీరువా మీరు తెరవండి, రివాల్వర్ వాళ్ళనే తియ్యనివ్వండి. ఖాళీ చేసి, తూటాలు లెక్కబెట్టి, రసీదు ఇవ్వాలి. రసీదు చేతిలో పడేదాకా వాళ్ళని గడప దాటనివ్వకండి. ఆ సమయానికి బాబుని మీ తమ్ముడింటికి పంపండి. తాతయ్య వస్తువుని పోలీసులు పట్టుకెళ్ళడం చూస్తే బెంగపెట్టుకుంటాడు.

ఇంతకీ మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన పేరా ఒకటుంది. మీ మామయ్య ప్రతి నెలా మొదటి ఆదివారం డైనింగ్ టేబుల్ మీద పాత పేపరు పరిచి రివాల్వర్ శుభ్రం చేసేవారని రాశారు కదా. అప్పుడు పిల్లలందరినీ మేడ మీదికి తరిమేవారట. ముందు తూటాలు పెట్టే సిలిండర్ పక్కకి తెరిచి, దాని ఆరు గదులూ వేలితో తడిమి చూసి, మళ్ళీ కిటికీ వెలుగులో పట్టి చూసేవారట. తూటాలు వేరే గదిలో వేరే తాళంలో. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడల్లా ఎవరూ గుర్తు చేయకుండానే స్టేషన్లో డిపాజిట్ చేసి, రసీదు తెచ్చి, తన నోటు పుస్తకంలో తేదీ వేసుకునేవారట. పెళ్ళిళ్ళలో చుట్టాలు "ఒక్కసారి గాల్లోకి పేల్చండి సుబేదార్‌గారూ" అంటే లేచి వెళ్ళిపోయేవారట. సంబరం కోసం గాల్లోకి కాల్చడం 2019 నుంచి విడిగా నేరం కూడా, రెండేళ్ళ దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఆయన మాత్రం ఆ చట్టం రాకముందు నుంచే అలా ఉన్నారు.

తుపాకీ ఉంచుకునే మనిషి ఎలా ఉండాలని ఎవరైనా నన్ను అడిగితే ఈ పేరానే చూపిస్తాను. అన్నేళ్ళు ఆ ఇంట్లో రివాల్వర్ ఎవరికీ హాని చేయకుండా ఉందంటే దాని కాపలా ఆయన చేశారు. అది మిమ్మల్ని కాపాడిందనుకుంటున్నారు మీరు. ఇప్పుడు ఆయన లేరు, ఆ తూటాలూ ఆయన గదిలోకే చేరాయి. వస్తువు అదే, బీరువా అదే, కానీ దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి లేడు.

మరిది మాటకొస్తాను. అతను అబద్ధం చెప్పలేదు, కానీ అక్కడి చట్టాన్ని ఇక్కడికి తెచ్చాడు. అమెరికా రాజ్యాంగంలో 1791లో చేరిన రెండో సవరణ ఆయుధం ఉంచుకోవడాన్ని హక్కుగా చెప్తుంది. ఇంట్లో ఆత్మరక్షణకి తుపాకీ ఉంచుకోవడం ప్రతి మనిషికీ ఉన్న హక్కేనని అక్కడి సుప్రీంకోర్టు 2008లో తీర్పిచ్చింది. అతనుండే టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుంచి 21 ఏళ్ళు నిండినవాళ్ళలో చాలామంది లైసెన్స్ లేకుండానే పిస్తోలు వెంట పెట్టుకుని తిరగొచ్చు. మన దగ్గర ఆయుధం పట్టడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదు. తెల్లవాళ్ళు 1878లో తెచ్చిన ఆయుధాల చట్టం భారతీయులకి లైసెన్స్ పెట్టి, తమవాళ్ళని మినహాయించింది. ఆ అవమానం మీద మన పెద్దలు గట్టిగానే పోరాడారు. స్వాతంత్ర్యం వచ్చాక తెచ్చిన 1959 చట్టంలో ఆ వివక్ష పోయింది, లైసెన్స్ మాత్రం ఉండిపోయింది. అది మంచా చెడా అని వాదించేవాళ్ళున్నారు. ఒంటరి ఆడవాళ్ళకీ, ఊరవతల పొలాల్లో ఉండేవాళ్ళకీ లైసెన్స్ దొరకడం కష్టం, పలుకుబడి ఉన్నవాళ్ళకి సులువు అన్న ఫిర్యాదులో న్యాయం ఉందని నేనూ అనుకుంటాను. కానీ మీరుండేది హైదరాబాద్‌లో. ఇక్కడి చట్టం ప్రకారమే మీ మంచిచెడ్డలు తేలతాయి.

ఆయుధం హక్కు కాకపోయినా ఆత్మరక్షణ హక్కే. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లన్నీ దాని గురించే. మీ ప్రాణాన్ని, ఇంకొకరి ప్రాణాన్ని, ఆస్తిని కాపాడుకోవచ్చు. చంపుతాడనో, తీవ్రంగా గాయపరుస్తాడనో, అత్యాచారం చేస్తాడనో, యాసిడ్ పోస్తాడనో న్యాయమైన భయం ఉంటే ఎదుటివాడి ప్రాణం పోయినా నేరం కాదు. రాత్రిపూట ఇల్లు బద్దలుకొట్టి లోపలికి చొరబడేవాడి విషయంలో కూడా చట్టం అంత దూరం వెళ్ళనిస్తుంది. ఇంటిమీదికి వచ్చినవాణ్ణి చూసి పిరికిగా పారిపోవాలని సుప్రీంకోర్టు ఎవరినీ అడగలేదు. ఆ క్షణంలో ఎంత దెబ్బ కొట్టామో బంగారం తూచినట్టు తూచరని కూడా ఎన్నో తీర్పుల్లో చెప్పింది.

అదే చట్టంలో హద్దులూ ఉన్నాయి. పోలీసుల సాయం తీసుకునేంత వ్యవధి ఉంటే ఈ హక్కు లేదు. అవసరానికి మించి హాని చేయకూడదు. ఆపదని ఆపడానికే ఈ హక్కు, శిక్షించడానికి కాదు. ఆత్మరక్షణ కోసమే కాల్చామని చూపించుకునే భారం కాల్చినవాళ్ళ మీదే పడుతుంది.

నా దగ్గరికొచ్చిన ఒక కేసు చెప్తాను, ఊరూ పేరూ చెప్పను. రాత్రి రెండింటప్పుడు కాంపౌండులో బోరు మోటారు విప్పుతున్న చప్పుడు విని ఇంటాయన తలుపు తీసి అరిచాడు. దొంగ మోటారు వదిలేసి గోడవైపు పరుగెత్తాడు. ఇంటాయన డబుల్ బ్యారెల్ గన్ పేల్చాడు. కుర్రాడు బతికాడు, కానీ గుళ్ళన్నీ వీపులో ఉన్నాయి. అదొక్కటే కేసంతా తిప్పేసింది. ఇంటి తలుపు పగలలేదు, దొంగ చేతిలో ఆయుధం లేదు, పారిపోతున్నాడు. నా క్లయింటు మంచివాడు, జీవితంలో చీమకి హాని చేయనివాడు. "వాడు దొంగ కదా సార్" అని జడ్జిగారి ముందు చేతులు జోడించాడు. ఏడేళ్ళు వాయిదాలకి తిరిగాడు, కూతురి పెళ్ళి ఆ మధ్యలోనే జరిగింది, గన్ మొదటి రోజే జప్తయింది. బల్ల మీద ఎక్స్‌రే పెట్టినప్పుడు అందులో తెల్లటి చుక్కల్లా కనిపించిన ఆ గుళ్ళని ఆయన ఎంతసేపు చూస్తూ ఉండిపోయాడో నాకింకా గుర్తే.

అంటే దొంగ వస్తే కాల్చవచ్చా అన్న మీ ప్రశ్నకి జవాబు, ఆ క్షణంలో వాడు ఏం చేస్తున్నాడు, మీకు ఇంకే దారి మిగిలింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. నిద్రమత్తులో, చీకట్లో, గుండె దడదడలాడుతుండగా అది తేల్చుకోవాలి. ఇంకో మాట. గదిలో తిరుగుతున్న నీడ బాబుదయితే? తెల్లవార్లూ మేలుకుని ఉండే పిల్లాడు మంచినీళ్ళ కోసం కిందికి రావడం మామూలే కదా.

మీ వీధిలో జరిగిన దొంగతనాన్నే తీసుకోండి. ఇల్లు తాళం వేసి ఉంది, మనుషులు ఊళ్ళో లేరు. అక్కడ ఎవరి చేతిలో తుపాకీ ఉన్నా ఉపయోగం లేదు. ఆ ఇంటి బీరువాలో రివాల్వర్ ఉండి ఉంటే బంగారంతో పాటు అదీ దొంగ చేతికి వెళ్ళేది, మరుసటి దొంగతనానికి వాడు దాంతో వచ్చేవాడు.

అలాగని ఎప్పటికీ తుపాకీ వద్దు అని నేననను. ఆ నిర్ణయం మీది. డిపాజిట్ అయ్యాక మీకు తీరిక దొరుకుతుంది, దారులు మూసుకుపోవు.

వారసులుగా మీ కుటుంబంలో ఒకరు లైసెన్స్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2016 ఆయుధ నిబంధనల్లో వారసులకి దారి ఉంది. నగరంలో పోలీస్ కమిషనర్, కమిషనరేట్లు లేని జిల్లాల్లో కలెక్టర్ లైసెన్స్ ఇస్తారు. 21 ఏళ్ళు నిండాలి, శారీరక, మానసిక ఆరోగ్య ధ్రువపత్రం, ఆయుధం వాడకంలో శిక్షణ పొందినట్టు పత్రం, భద్రంగా దాస్తానన్న హామీ, పోలీసుల విచారణ, ఇవన్నీ ఉంటాయి. ఇవ్వకపోతే కారణం చెప్పాలి, అప్పీలు చేసుకోవచ్చు. వస్తే అయిదేళ్ళకోసారి రెన్యువల్. మీవారి పేరు మీద పెట్టిద్దామనుకుంటే ఒక్కటి ఆలోచించండి. ఆయన మస్కట్‌లో ఉంటే లైసెన్స్ ఆయనది, రాత్రులు మీవి. అది మీ చేతికి చట్టబద్ధంగా రాదు. కాబట్టి పెట్టుకుంటే మీ పేరు మీదే పెట్టుకోండి, నేర్చుకోవలసిందీ మీరే.

నేర్చుకోవడం అంటే పది తూటాలు పేల్చి ఫొటో దిగడం కాదు. గచ్చిబౌలి వైపు షూటింగ్ రేంజికి ఒకసారి వెళ్ళి కూర్చుని చూడండి. ఒలింపిక్ పతకం తెచ్చిన గగన్ నారంగ్ ఈ ఊరివాడే, ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు గెలిచిన ఈషా సింగ్ ఈ ఊరి పిల్లే. అక్కడ పన్నెండేళ్ళ పిల్లలు కూడా గొట్టాన్ని నేలవైపో టార్గెట్ వైపో తప్ప పక్కకి తిప్పరు, కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టరు. ఖాళీ అని తెలిసినా నిండి ఉన్నట్టే పట్టుకుంటారు. ఆ అలవాటు ఒంటికి పట్టడానికి నెలలు పడుతుంది. మీరు అంత సమయం ఇవ్వగలిగితే అప్పుడు దరఖాస్తు సంగతి చూడండి.

ఇందులో ఒక చిక్కుముడి ఉంది, మీకు ముందే చెప్పాలి. రివాల్వర్ ఒక తాళంలో, తూటాలు ఇంకో తాళంలో ఉంటే ఇంట్లోవాళ్ళకి భద్రం, కానీ అర్ధరాత్రి దొంగ వచ్చినప్పుడు చేతికి అందదు. దిండు కింద నింపి పెట్టుకుంటే అందుతుంది, కానీ ఇంట్లోవాళ్ళకి భద్రం కాదు. ఈ రెండింటికీ మధ్య దారి లేదా అంటే, వేలిముద్రతో తెరుచుకునే చిన్న సేఫులు కొంతమంది వాడతారు. కానీ కష్టంలో ఉన్న పిల్లాడు పై గదిలో ఉన్నంతకాలం నేనైతే ఏ సేఫునీ నమ్మను. బాబు కోలుకుని, చదువుకో ఉద్యోగానికో వెళ్ళాక, అప్పటికీ మీకు కావాలనిపిస్తే ఆ దారి అప్పుడూ ఉంటుంది. అప్పటిదాకా ఈ రివాల్వర్‌ని మాత్రం ఆపి పెట్టలేరు. డిపాజిట్‌లో ఉంచడానికి గడువుంటుంది, అది దాటితే ప్రభుత్వానికి పోతుంది. ఆ గడువెంతో రసీదు తీసుకునేటప్పుడే రాయించుకోండి.

గడువులోగా లైసెన్స్ ఉన్నవాళ్ళకి గానీ డీలర్‌కి గానీ అమ్మేయవచ్చు. మామయ్యతో పనిచేసినవాళ్ళలో లైసెన్స్ ఉన్నవాళ్ళుంటే, ఆయన వస్తువు ఆయన విలువ తెలిసిన చేతికి వెళ్తుంది. అదీ వద్దనుకుంటే పూర్తిగా వదిలేసుకోవచ్చు. నన్నడిగితే అమ్మడమే మేలంటాను, కానీ మీ కుటుంబం అంతా కూర్చుని మాట్లాడుకోండి.

ఈలోగా ఆ నిద్రపట్టని రాత్రులకి ఏదో ఒకటి చేయాలి కదా. మీ భయాన్ని నేను చిన్నది చేయడం లేదు, మగదిక్కు దూరంలో ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలుసు. వెనక తలుపుకి లోపలివైపు ఇనుప అడ్డగడ వేయించండి. గేటు దగ్గర మనిషి కదిలితే వెలిగే లైటు పెట్టించండి, దొంగకి వెలుగంటే పడదు. మీరూ అత్తమ్మా ఒకే గదిలో పడుకోండి, ఆ గది తలుపుకి గట్టి గొళ్ళెం, మంచం పక్కనే ఫోను. చప్పుడైతే బయటికి రాకుండా లోపల గొళ్ళెం వేసుకుని 112కి చేయండి, గట్టిగా అరవండి. ఎదురింటివాళ్ళతో ముందే ఒక మాట అనుకోండి. మీ కాలనీలో రిటైరైన సైనికులు అంతమంది ఉన్నారు కదా, రాత్రి గస్తీ విషయం మీరే వెళ్ళి కదిలించండి. సుబేదారుగారి కోడలు అడిగితే కాదనరు.

ఇక అత్తమ్మ. ఆవిడతో చట్టం మాట్లాడకండి. ఆవిడకి అది తుపాకీ కాదు, ఆయన చేయి పట్టుకున్న వస్తువు. "పోలీసులు పట్టుకుంటారత్తమ్మా" అంటే మొండికేస్తారు. బాబు సంగతి చెప్పండి. ఆరో పేజీలో నాకు రాసింది ఆవిడకి ఇంతవరకూ చెప్పలేదని నా అనుమానం. మనవడి కోసం ఆవిడ ఆ రివాల్వర్ కాదు, ఒంటిమీది బంగారమైనా తీసిస్తారు. రివాల్వర్ పెట్టుకునే తోలు ఒర, హోల్‌స్టర్, ఇవ్వక్కర్లేదు, దానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. ఆయన నడుముకి కట్టుకున్న గుర్తులు, బెల్టు రంధ్రాలు సాగిన చోటు దానిమీదే ఉంటాయి. మెడల్స్‌తో పాటు ఫొటో కింద పెట్టుకోమనండి.

రసీదు వచ్చిన రోజు ఆ నోటు పుస్తకం ఆవిడకే ఇవ్వండి. తేదీ వేసి, రివాల్వర్ నంబరు, తూటాలు ఎన్ని అప్పగించారో ఆయన రాసుకున్నట్టే ఆయన రాసిన చివరి వరుస కింద ఆవిడనే రాయమనండి.